నదిలో ఆన్‌లైన్ ప్రోబ్ పెడితే ఏ అంకెల్ని నమ్మొచ్చు? ల్యాబ్ పరీక్షలు మానేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇది. మీ బృందం దగ్గర్లోని నదిలో ఒక ఆన్‌లైన్ ప్రోబ్ (నీటిలో మునిగి ఉండి ఎప్పటికప్పుడు రీడింగులు పంపే సెన్సర్ల పరికరం) పెట్టాలనుకుంటోంది. అమ్మేవాళ్లేమో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) మొదలుకొని బీఓడీ (నీటిలోని మురుగుని తినడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్), బ్యాక్టీరియా దాకా అన్నీ ఒకే పరికరం నిమిషాల్లో చూపిస్తుందంటున్నారు. ఆ అంకెల్ని నమ్మొచ్చా, నదిలో ఎక్కడ పెట్టాలి, పెట్టాక ఇక ల్యాబ్ పరీక్షలు మానేయొచ్చా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. నమ్మదగ్గ కొలతలు ఐదు: ఉష్ణోగ్రత, కరిగిన ఆక్సిజన్, పీహెచ్, కండక్టివిటీ (కరిగిన లవణాల వల్ల నీరు ఎంత కరెంటు ప్రవహించనిస్తుందో), టర్బిడిటీ (నీటి మసకదనం). అదీ ఎవరో ఒకరు రెండు వారాలకోసారి వెళ్లి ప్రోబ్‌ని కడిగి, సరిచూసి వస్తేనే. బీఓడీ, సీఓడీ (మురుగుని రసాయనాలతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) అంటూ తెర మీద కనిపించేవి కొలతలు కావు, అంచనాలు. బ్యాక్టీరియా సంగతి ఇంకా దూరం. ల్యాబ్ మానేయడం కుదరదు. నిజానికి ప్రోబ్ పెట్టిన మొదటి ఏడాది ల్యాబ్ పని పెరుగుతుంది.

పదిహేనేళ్లుగా నా పని ఇదే. నదుల్లో ప్రోబులు దింపడం, తీయడం, కడగడం, వాటి గ్రాఫులు చదవడం. ఇంత చెప్పాక "మరైతే దీంతో లాభమేంటి" అని మీకు అనిపించొచ్చు. చాలా లాభం ఉంది. నాకు అది బోధపడింది ఒక చిన్న నది దగ్గర.

అక్కడ ఏళ్ల తరబడి నెలకోసారి శాంపిల్ తీసేవాళ్లు. ప్రతిసారీ కరిగిన ఆక్సిజన్ లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైనే. కాగితం మీద చూస్తే ఆరోగ్యంగా ఉన్న నది. కానీ ఎండాకాలం వస్తే చాలు, తెల్లవారేసరికి చేపలు తేలేవి. ఎవరో రాత్రిపూట విషం కలుపుతున్నారని చుట్టుపక్కలవాళ్లకు గట్టి నమ్మకం. మేం ప్రోబ్ దింపి, పదిహేను నిమిషాలకో రీడింగ్ చొప్పున వారం పాటు వదిలేశాం. మొదటి రెండు రోజులకే విషయం బయటపడింది. మధ్యాహ్నం నాలుగింటికి ఆక్సిజన్ 13 దాటుతోంది. తెల్లవారుజామున ఐదున్నరకు 2 కంటే కిందికి పడిపోతోంది. విషం ఎవరూ కలపడం లేదు. పైనుంచి వస్తున్న మురుగు వల్ల నైట్రోజన్, ఫాస్ఫరస్ పెరిగి, నీటినిండా నాచు పట్టింది. పగలు ఎండలో ఆ నాచే ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రంతా అదే నాచు ఆక్సిజన్‌ని పీల్చేస్తుంది. శాంపిల్ తీసే మనిషి ఎప్పుడూ పొద్దున పదిన్నరకు వచ్చేవాడు. ఆ వేళకి నది కోలుకునేది. పాపం ఆయన తప్పేం లేదు, ఆఫీసు వేళలు అవి.

30 డిగ్రీల నీరు సముద్రమట్టం దగ్గర గాలి నుంచి పట్టుకోగలిగే ఆక్సిజన్ లీటరుకు దాదాపు 7.5 మిల్లీగ్రాములు. 20 డిగ్రీల దగ్గర 9 చిల్లర. కాబట్టి వెచ్చటి నీళ్లలో 13 కనిపించిందంటే "ఆహా, ఎంత ఆక్సిజనో" అని సంతోషించకండి. అది నాచు ఎక్కువైందని చెప్పే లక్షణం, ఆ రాత్రి ఏం జరగబోతోందో ముందే చెబుతోంది. అందుకే ఆక్సిజన్‌ని ఒక్క అంకెగా చూడొద్దని నేను ఎప్పుడూ అంటాను. రోజులో అది ఎంత లేచి ఎంత పడుతోందో చూడాలి. ఆ ఊపు కనిపించాలంటే ఎప్పటికప్పుడు కొలిచే పరికరం ఉండాల్సిందే.

పీహెచ్ కూడా ఇలాగే ఊగుతుంది. నాచు పగలు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుంటే పీహెచ్ పైకి పోతుంది. దీనికి అమ్మోనియాతో నేరుగా లంకె ఉంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో చేపలకు విషమైన రూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి అది సుమారు 5 శాతం, 9కి మూడో వంతు దాటుతుంది. నీటిలో అమ్మోనియా ఏమీ పెరగకపోయినా, ఎండ కాసిన మధ్యాహ్నం అదే నీరు చేపకు విషమైపోవచ్చు.

ఇక బీఓడీ సంగతి. ఆ పరీక్ష పద్ధతే 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు చీకట్లో ఉంచి, సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ తిన్నాయో చూడటం. ఐదు రోజులు పట్టేదాన్ని ఐదు నిమిషాల్లో కొలవడం ఎవరివల్లా కాదు. పరికరం చేసేది ఏమిటంటే, నీటి గుండా అతినీలలోహిత కాంతి పంపి, ముఖ్యంగా 254 నానోమీటర్ల దగ్గర ఎంత కాంతి మింగేసిందో చూస్తుంది. కర్బన పదార్థాలు చాలావరకు ఆ కాంతిని మింగుతాయి కాబట్టి దాన్నిబట్టి బీఓడీ ఇంత ఉండొచ్చని లెక్క కడుతుంది. ఈ లెక్క ఊరికే కొట్టిపారేయాల్సింది కాదు. మీ నది నీళ్లనే తీసుకుని, ఎండాకాలంలో కొన్ని, వరదలో కొన్ని, మురుగు ఎక్కువున్నప్పుడు కొన్ని శాంపిళ్లు ల్యాబ్‌లో పరీక్షించి ఆ సంబంధాన్ని సరిచేస్తే పనికొచ్చే అంచనా వస్తుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెట్టింగ్‌తోనే వదిలేస్తే మాత్రం ఆ బీఓడీ వేరే ఏదో నీటిది, మీ నదిది కాదు. అమ్మేవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "ఈ బీఓడీ అంకెను మా నీళ్ల మీద ఎన్ని ల్యాబ్ శాంపిళ్లతో సరిచేసి ఇస్తారు?" జవాబు తడబడితే ఆ సెన్సర్‌కి డబ్బు పెట్టకండి.

బ్యాక్టీరియాకి కూడా ఫ్లోరసెన్స్ సెన్సర్లు ఉన్నాయి. మురుగులో ఎక్కువగా ఉండే ట్రిప్టోఫాన్ లాంటి పదార్థాల వెలుగును అవి పట్టుకుంటాయి. మురుగు కలిసిందన్న అనుమానానికి బాగానే పనికొస్తాయి. కోలిఫాం (మల కాలుష్యానికి గుర్తుగా చూసే బ్యాక్టీరియా) లెక్కకు మాత్రం ఇప్పటికీ ల్యాబ్‌లో పెంచి చూడాల్సిందే, దానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అందుకే మనస్ఫూర్తిగా చెబుతున్నా, ప్రోబ్ రీడింగులు చూసి "ఈ నీళ్లు తాగొచ్చు", "స్నానం చేయొచ్చు" అనే పచ్చ గుర్తును జనం ముందు ఎప్పుడూ పెట్టకండి. ఆ ఐదు కొలతలూ బాగున్న నీటిలో కూడా విరేచనాలు తెచ్చే క్రిములు నిక్షేపంగా ఉండొచ్చు. సీసం, ఆర్సెనిక్ లాంటివి కూడా ఈ ప్రోబులకు కనపడవు.

ఇప్పుడు నేను ఎక్కువగా చెప్పాలనుకున్న విషయానికొస్తాను: పాచి. ఈ రంగంలో కొత్తవాళ్లంతా పప్పులో కాలేసేది ఇక్కడే.

ఒకసారి ఒక స్టేషన్‌లో ఆక్సిజన్ పందొమ్మిది రోజుల పాటు రోజూ కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. 7 నుంచి 4 దాకా దిగింది. ఎగువన ఏదో మురుగు మొదలైందని మా వాళ్లంతా తీర్మానించేశారు, రిపోర్టు కూడా సగం రాసేశారు. నేను వెళ్లి ప్రోబ్ పైకి లాగాను. సెన్సర్ల చుట్టూ ఉండే తొడుగు విప్పితే, లోపల గోధుమరంగు జిగురు వేలి గోరంత మందాన పేరుకుని ఉంది. అందులో చిన్న నత్తగుడ్లు, ఒక మూల సన్నటి ఎర్ర పురుగులు. కడక్కుండానే దాన్ని నది నీళ్లు పట్టిన బకెట్‌లో పెట్టి చూశాను: 4.1. మెత్తటి బ్రష్‌తో ఆక్సిజన్ సెన్సర్ ముఖాన్ని తుడిచి, అదే బకెట్‌లో మళ్లీ పెట్టాను. రెండు నిమిషాల్లో 6.8 చూపించింది. ఆ జిగురులోని సూక్ష్మజీవులు సెన్సర్ ముఖం మీదే కూర్చుని అక్కడి ఆక్సిజన్‌ని తినేస్తున్నాయి. మేం పందొమ్మిది రోజులు కొలిచింది నదిని కాదు, ఆ జిగురుని. ఆ రిపోర్టు బయటకు వెళ్లి ఉంటే, ఏ తప్పూ చేయనివాళ్ల మీద నింద పడేది. ఇప్పటికీ తలుచుకుంటే గుండె గుభేలుమంటుంది.

అప్పటినుంచి ప్రతిసారీ ఒకే వరసలో చేస్తాం. ముందు సరిచూసి పెట్టుకున్న ఇంకో ప్రోబ్‌ని పక్కన దింపి నదిలో రీడింగ్ రాసుకుంటాం. కడగకముందు మా ప్రోబ్ రీడింగ్, కడిగిన తర్వాతి రీడింగ్. ఈ రెండింటి తేడా పాచి వల్ల వచ్చింది. ఈలోగా నదే మారి ఉండొచ్చు కాబట్టి పక్క ప్రోబ్ చూపిన మార్పును అందులోంచి తీసేస్తాం. తర్వాత ప్రామాణిక ద్రావణంలో పెట్టి చూస్తే వచ్చే తేడా సెన్సర్ సొంతంగా జరిగినంత, దీన్నే డ్రిఫ్ట్ అంటాం. రెండింటినీ విడివిడిగా రాసుకోవాలి, ఎందుకంటే రెండింటికీ మందు వేరు. పాచి ఎక్కువైతే తరచుగా వెళ్లాలి. డ్రిఫ్ట్ ఎక్కువైతే సెన్సర్ ముసలిదైందని అర్థం. పీహెచ్ ఎలక్ట్రోడ్ విషయంలో దీన్ని తేలిగ్గా పట్టొచ్చు. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్ అంకెకు దాదాపు 59 మిల్లీవోల్టుల తేడా ఇవ్వాలి. అది 54, 53కి పడిపోయిందంటే దాని పని అయిపోవచ్చినట్టే. పీహెచ్‌ని ఒక్క బఫర్‌తో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం) సరిచూసి వచ్చేయకండి. మీ నది 7కీ 9కీ మధ్య ఊగుతుంటే 7, 10 బఫర్లు రెండూ వాడండి.

సెన్సర్ ముఖాన్ని దానంతట అదే తుడిచే వైపర్ ఉన్న ప్రోబ్ కొంటే మంచిదే, రాగి తొడుగు కూడా సాయం చేస్తుంది. వాటితో గడువు కొంచెం పెరుగుతుంది, వెళ్లే పని తప్పదు. వెచ్చటి, పోషకాలు ఎక్కువున్న నీళ్లలో రెండు వారాలు దాటించొద్దు. చల్లటి తేట నీళ్లలో నెల దాకా ఆగొచ్చు. ఆక్సిజన్ సరిచూసుకోవడానికి 1888లో హంగరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ ఇచ్చిన టైట్రేషన్ (రసాయనాలు కలిపి కొలిచే) పద్ధతికి ఇప్పటికీ తిరుగులేదు. ఒక సీసా, మూడు నాలుగు రసాయనాలు చాలు. మా సంచిలో ఆ కిట్ లేకుండా నదికి పోము.

కొనేముందు ఒక లెక్క వేసుకోండి. రెండేళ్ల పాటు ఆ నదికి వెళ్లే మనిషి ఎవరు, ఆయనకు జ్వరమొస్తే వెళ్లేది ఎవరు, ఆ ప్రయాణానికి, ద్రావణాలకు, మార్చాల్సిన సెన్సర్ మూతలకు డబ్బు ఎక్కడిది? ఈ మూడింటికీ జవాబు దొరక్కపోతే ఇప్పుడే కొనకండి. ప్రారంభం రోజు దండ వేయించుకుని ఆరు నెలలకు నీళ్లలో కుళ్లిపోయిన ప్రోబుల్ని నేను చాలా చూశాను. అన్నిటికంటే నష్టం ఏమిటంటే, అవి చచ్చిపోయాక కూడా అంకెలు పంపిస్తూనే ఉంటాయి.

ఎక్కడ పెట్టాలి అన్నారు. మురుగు కాలువ మూతి దగ్గరా వద్దు, ఉపనది కలిసేచోటుకి వెంటనే కిందా వద్దు. రెండు నీళ్లు కలిసినట్టే కనిపించినా కిలోమీటర్ల దూరం ఒడ్డుకొకటిగా పక్కపక్కనే పారుతుంటాయి. అందుకే స్థలం ఖాయం చేసేముందు చేత్తో పట్టుకునే మీటర్ ఒకటి తీసుకుని, వంతెన మీద నుంచో పడవలోంచో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఐదారు చోట్ల, పైనా లోతులోనూ కండక్టివిటీ కొలవండి. అన్నిచోట్లా దాదాపు ఒకటే వస్తే అక్కడ పెట్టొచ్చు. ఎండాకాలపు కనిష్ఠ మట్టంలో కూడా మునిగి ఉండాలి, అడుగు ఇసుకలో పూడిపోకూడదు. వంతెన స్తంభానికి దిగువ వైపు రంధ్రాలున్న గట్టి పైపు బిగించి, అందులో దింపితే వరదలో కొట్టుకొచ్చే దుంగల నుంచి కొంత రక్షణ. వానాకాలంలో కూడా మనిషి క్షేమంగా చేరుకోగలగాలి. ఈ చివరిది మిగతా అన్నిటికంటే ముఖ్యం.

ఒక్క ప్రోబే ఉంటే నదిలో మార్పు వచ్చిందని తెలుస్తుంది. ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఉంటే మార్పు ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది. అన్ని సెన్సర్లూ ఉన్న ఖరీదైన ప్రోబ్ ఒకటి కొనేకంటే ఆ ఐదే ఉన్నవి రెండు కొనమంటాను. దగ్గర్లో నీటిమట్టం కొలిచే స్కేలు కూడా ఉండాలి. మట్టం తెలియకుండా కండక్టివిటీ తగ్గితే, కాలుష్యం తగ్గిందో వాన నీరు కలిసిందో ఎలా తేలుస్తారు? కండక్టివిటీని 25 డిగ్రీలకు సరిచేసిన విలువగానే చూడండి. డిగ్రీకి సుమారు 2 శాతం మారుతుంది కాబట్టి, సరిచేయకపోతే రోజూ ఎండెక్కేకొద్దీ కాలుష్యం పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. టర్బిడిటీలో ఇంకో చిక్కు ఉంది. కొన్ని పరికరాలు తెల్లటి కాంతితో, కొన్ని 860 నానోమీటర్ల పరారుణ కాంతితో కొలుస్తాయి. ఒకే నీటికి రెండూ వేర్వేరు అంకెలు ఇస్తాయి. రెండు స్టేషన్లలోనూ ఒకే రకం పెట్టుకోండి.

రెండు స్టేషన్లతో మేం పట్టుకున్న సంగతి ఒకటి చెబుతాను. దిగువ స్టేషన్‌లో కండక్టివిటీ 420 (సెంటీమీటరుకు మైక్రోసీమెన్స్) దగ్గర నిలకడగా ఉండేది. వారాంతం రాత్రుల్లో ఒంటిగంట నుంచి మూడున్నర మధ్య 1100 దాకా లేచి, తెల్లవారేసరికి మామూలుగా అయిపోయేది. అదే సమయంలో పీహెచ్ అర అంకె పడేది. ఎగువన ఏమీ లేదు. మధ్యలో ఉన్న ఒక పరిశ్రమ గొట్టం మీద అనుమానం వచ్చింది, అడిగితే మీ సెన్సర్‌ది తప్పన్నారు. వాళ్లనడంలోనూ న్యాయముంది, సెన్సర్ గ్రాఫ్ ఒక్కటే చూపించి ఎవర్నీ దోషి అనలేం. అప్పుడు 24 సీసాలుండే ఆటోమేటిక్ శాంప్లర్‌ని తెచ్చి, కండక్టివిటీ 700 దాటితే దానంతట అదే సీసా నింపేలా కలిపాం. రెండో వారాంతానికే నాలుగు సీసాలు నిండాయి. సీలు వేసి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో సంతకాలతో ల్యాబ్‌కి పంపాం. ఆ ల్యాబ్ కాగితం వచ్చాక ఇక వాదన జరగలేదు. ప్రోబ్ మాకు వేళ చెప్పింది, రుజువు సీసాలోంచి వచ్చింది.

అలారంల గురించి కాస్త కటువుగానే చెబుతాను, ఎందుకంటే ఇందులో నేను చేసిన తప్పే ఉంది. మొదట్లో ప్రతి కొలతకీ ఒక హద్దు పెట్టి, దాటగానే అందరి ఫోన్లకూ మెసేజ్ వెళ్లేలా చేశాను. నెలలో అరవైకి పైగా వచ్చాయి. టర్బిడిటీ సెన్సర్ ముందు ఆకు అడ్డుపడింది, తొడుగులో చిన్న చేప దూరింది, మట్టం తగ్గి ప్రోబ్ గాల్లో తేలి కండక్టివిటీ సున్నా అయింది. ఒక్కో మెసేజ్‌కీ టెన్షన్ పడి పరుగెత్తేవాళ్లం. రెండో నెలకి మావాళ్లు ఫోన్లు సైలెంట్‌లో పెట్టేశారు. నిజంగా మురుగు గేటు తెరుచుకున్న రాత్రి ఎవరూ చూడలేదు. పొద్దున్నే ఒడ్డున చేపల్ని లెక్కపెట్టాల్సి వచ్చింది. అందుకని ఇప్పుడు ఒక్క రీడింగ్‌కి అలారం మోగనివ్వను. వరసగా మూడు రీడింగులు, కనీసం రెండు కొలతలు కలిసి మారాలి, మారే వేగం కూడా చూడాలి.

హద్దుల మీదే ఆధారపడితే ఏమవుతుందో 2022 ఆగస్టులో పోలండ్, జర్మనీ సరిహద్దులో ఉన్న ఓడర్ నది చూపించింది. అక్కడ చేపలు టన్నులకొద్దీ చచ్చిపోయాయి. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర, అంటే ఓడర్ ఒడ్డున ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర, ఆటోమేటిక్ స్టేషన్‌లో ఆ రోజుల్లో ఆక్సిజన్ తగ్గలేదు, పెరిగింది. పీహెచ్, కండక్టివిటీ, క్లోరోఫిల్ (నాచు ఎంతుందో చెప్పే ఆకుపచ్చ పదార్థం) కూడా పెరిగాయి. ఉప్పుదనం పెరిగిన నీటిలో ప్రిమ్నీసియం పార్వం అనే బంగారు రంగు ఆల్గే (ఒక రకం సూక్ష్మమైన నాచు) విపరీతంగా పెరిగి, దాని విషం చేపల్ని చంపింది. ఆక్సిజన్ పడిపోతే మోగే అలారం ఒక్కటే ఉంటే అది మోగేదే కాదు. నాలుగు గీతల్నీ పక్కపక్కన పెట్టి చూసే మనిషికే అది తెలుస్తుంది.

పెద్ద నదుల్లో దీనికి ఇంకో దారి పట్టారు. 1986 నవంబర్ 1న స్విట్జర్లాండ్‌లో బాసెల్ పక్కన సాండోజ్ గోదాము తగలబడి, మంటలార్పిన నీళ్లతో పాటు పురుగుమందులు రైన్ నదిలో కలిశాయి. లక్షకు పైగా ఈల్ చేపలు చచ్చాయి. ఆ తర్వాత రైన్ వెంబడి హెచ్చరిక వ్యవస్థ బాగా గట్టిపడింది. అలాంటి స్టేషన్లలో డాఫ్నియా అనే చిన్న నీటి జీవుల్ని నది నీటిలో ఉంచి, వాటి ఈతను కెమెరాతో గమనిస్తారు. వార్సా నగరం నీటి సరఫరాలో ఎనిమిది ఆల్చిప్పలకు సెన్సర్లు తగిలించి, అవి కలిసికట్టుగా మూసుకుంటే అలారం మోగేలా పెట్టారు. ఏ విషమో అవి చెప్పలేవు, ఏదో తేడా ఉందని మాత్రం చెబుతాయి. మీ స్థాయికి ఇది అక్కర్లేదు.

డేటా విషయంలో రెండే మాటలు. సిగ్నల్ పోయే రోజులుంటాయి కాబట్టి ప్రోబ్ దగ్గరే ఉండే లాగర్‌లో (రీడింగులు దాచుకునే పరికరం) కూడా రీడింగులు నిల్వ కావాలి. ముడి డేటాను ఎప్పుడూ చెరపకండి. సరిదిద్దింది వేరే ఫైల్లో ఉంచి, ఏది ఎందుకు మార్చారో పక్కన రాయండి.

చివరగా, ఏదైనా కొనేముందు ఒక పని చేయండి. చేత్తో పట్టుకునే మీటర్ ఒకటి ఏదైనా కాలేజీ నుంచి అడిగి తెచ్చుకుని, వానలు లేని రోజు చూసి, మీరు అనుకున్న చోట ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నం దాకా ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని కూర్చోండి. గంటకోసారి ఉష్ణోగ్రత, ఆక్సిజన్, పీహెచ్, కండక్టివిటీ నోట్‌బుక్‌లో రాయండి. ముఖ్యంగా తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు మధ్య నిద్రపోవద్దు. ఆ రీడింగులన్నీ ఇక్కడ పెట్టండి. మీ నదికి మొదట ఏ సెన్సర్ అవసరమో వాటిని చూసి చెబుతాను.